రెండో శనివారం

సోమవారం నుంచి శుక్రవారం దాకా
కాలిపోయిన ఇళ్లకు లెక్క కట్టడం నా ఉద్యోగం.
బ్యాంగర్ ఊళ్లో బీమా ఆఫీసు, మూడో అంతస్తు,
కిటికీ పక్క కుర్చీ.
ప్రతి నెలా రెండో శనివారం మాత్రం
తెల్లవారకముందే ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని
ఉత్తరానికి గంటన్నర కారు నడిపి
నిప్పు పుట్టించడం నేర్చుకోవడానికి పోతాను.

నవ్వండి. మా ఆవిడా నవ్వింది.

నేర్పేది ఒడెట్ పెల్టియే.
డెబ్భై ఒకటో ఏడు. ఎడమచేతికి మూడే వేళ్లు.
మిగతావి ఏమయ్యాయని ఎవరం అడగలేదు.
తానే చెప్పింది ఒకరోజు:
"అడవి కాదు, రంపపు మిల్లు."
రాగానే ఫోన్లన్నీ రేకు బకెట్లో వేయిస్తుంది.
పొద్దుగూకే దాకా ఆ బకెట్
తనలో తాను గొణుక్కుంటూనే ఉంటుంది.

ఆరుగురం మేము.
స్కూలు బస్సు నడిపే థెరియో
పావుగంటకోసారి మమ్మల్ని లెక్కపెడతాడు, అలవాటు.
పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే కొరిన్
ముడి వేసిందంటే విప్పడానికి కత్తి కావాలి.
లూయిస్టన్ గోదాములో రాత్రి డ్యూటీ దిగి
కంటిమీద కునుకు లేకుండా వస్తాడు అబ్దిరిజాక్.
సొమాలియావాడు కదా, వచ్చే ఉంటుందని
మొదటిరోజు అందరం అతనికేసే చూశాం.
"మా అమ్మ అగ్గిపెట్టె వాడేది," అన్నాడు.

సీడరు చెక్కలో గుంట,
గుంటలో కదురులా పుల్ల,
పుల్ల చుట్టూ విల్లుతాడు.
ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
మాకు అక్టోబరులో పొగ వచ్చింది,
నవంబరులో పొగ వచ్చింది,
డిసెంబరులో కొరిన్ కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

"దాన్ని బెదిరిస్తున్నావు నువ్వు," అంది ఒడెట్ నాతో.
"రాలే పిండిని చూడు.
గోధుమరంగులో ఉంటే ఇంకా చెక్కే.
నల్లగా, మెత్తగా, నూగులా రాలినప్పుడు ఆగు.
ఆగడం రాకే చాలామందికి నిప్పు రాదు."

జనవరిలో కుందేలు తోలు ఒలిచాం.
నేను ఒలవలేదు, గిన్నె పట్టుకున్నాను.
ఫిబ్రవరిలో దారి తప్పితే ఏం చేయాలో చెప్పింది:
"ముందు కూర్చో."
అంతకు మించి చెప్పలేదు.
మంచులో అరగంట కూర్చున్నాం.

మార్చిలో,
భుజాలు పడిపోయి, ఇక నావల్ల కాదని
విల్లు పక్కన పెట్టేశాక
పిండి కుప్ప దానంతటదే పొగిలింది.
నడుమ ఆవగింజంత ఎరుపు.
బర్చ్ బెరడు పీచులోకి ఒంపుకుని
పాలమీద మీగడ చెదరకుండా ఊదినట్టు ఊదాను.
భగ్గుమంది.
థెరియో హారన్‌లా అరిచాడు.
అబ్దిరిజాక్ నిద్రలోంచి లేచి చప్పట్లు కొట్టి
మళ్లీ పడుకున్నాడు.

సోమవారం పొద్దున్నే ఒక వంటింటికి వెళ్లాను.
వంటిల్లని ఫారంలో ఉంది కాబట్టి తెలిసింది.
ఇల్లుగలావిడ, వినిఫ్రెడ్ హాస్కెల్,
పక్కింటివాళ్ల కోటు వేసుకుని వాకిట్లో నిలబడింది.
స్టవ్ వెనక మోకాళ్లమీద కూర్చుని
మసిని రెండువేళ్ల మధ్య నలిపాను.
నల్లగా, మెత్తగా, నూగులా.
మంచి పిండి, అనుకున్నాను.
అనుకున్న మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏం తేలింది?" అందావిడ.
ఆ ప్రశ్నకు పద్నాలుగేళ్లుగా నా దగ్గరొక వాక్యం ఉంది.
అది నోటికి రాలేదు.
"ఇంతే ఉండి ఉంటుంది మొదట," అన్నాను,
బొటనవేలి గోటి కొస చూపించి.
ఆవిడ ఆ గోటినే చాలాసేపు చూసింది.

ఏప్రిల్లో పాఠం, ఆర్పడం.
నీళ్లు పోయి, కెలుకు, మళ్లీ పోయి.
"అరచెయ్యి అబద్ధమాడుతుంది,
పనిచేసి చేసి మొద్దుబారి ఉంటుంది.
చెయ్యి తిరగేసి పెట్టు బూడిదలో."
అందరూ పెట్టారు, తీశారు,
బకెట్లోంచి ఎవరి ఫోన్ వాళ్లు ఏరుకున్నారు.
చల్లగానే ఉంది.
నేనింకా తీయలేదు.

దూరంగా కార్ల దగ్గర థెరియో
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు...
మళ్లీ మొదట్నుంచి.